పరాభవ నుంచి పరాభవ దాకా

ఈ ఉగాదితో పరాభవ నామ సంవత్సరం మళ్లీ వచ్చింది. కిందటిసారి వచ్చింది 1966లో. ఆ ఏడాది తెలుగునాట ఎక్కడ విన్నా ఒకటే మాట, విశాఖ ఉక్కు. అమృతరావు నిరాహార దీక్ష, ఊరూరా బందులు, విద్యార్థుల ఊరేగింపులు, నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు. ఒక ఫ్యాక్టరీ కోసం జనం ప్రాణాలిచ్చారు. ఆ హోరులో కంప్యూటర్ల సంగతి ఎవరికి పట్టింది? దేశం మొత్తం మీద ఉన్నవే కొద్ది. వాటికో చల్లటి గది, కట్టలకొద్దీ పంచ్ కార్డులు, ఒక లెక్క వేయించుకోవాలంటే తమ వంతు కోసం పడిగాపులు.

అదే ఏడాది, ఏ పత్రికా పతాక శీర్షిక చేయని పనులు కొన్ని జరిగాయి. జూలైలో ఇంగ్లండులో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక పరిశోధన పత్రం వెలువరించారు. సన్నటి గాజు పోగులో వెలుగును పంపి, దానితో కబుర్లు చేరవేయవచ్చన్నది సారాంశం. అప్పటి గాజు ఇరవై మీటర్లు దాటేసరికి వెలుగులో నూటికి తొంభైతొమ్మిది వంతులు మింగేసేది. కిలోమీటరు వెళ్లాక నూటికి ఒక్క వంతు మిగిలినా చాలు, పని జరుగుతుంది; తప్పు గాజుది కాదు, అందులో కలిసిన మలినాలది అన్నారు వాళ్లు. నాలుగేళ్లకు అమెరికాలో కార్నింగ్ కంపెనీ అలాంటి గాజు తీసి చూపించింది. కావోకు నోబెల్ వచ్చింది 2009లో. ఇవాళ మన పల్లెల్లో కరెంటు స్తంభాల మీదుగా నల్లటి తీగ లాగి ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్నారంటే అది ఆ పత్రం పుణ్యమే.

అదే ఏడాది ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరుకు, ఒక్క బిట్టు దాచడానికి అన్నేసి ట్రాన్సిస్టర్లు ఎందుకు, ఒక్కటి సరిపోదా అన్న ఆలోచన తట్టింది. ఇప్పుడు ఫోన్ కొనేటప్పుడు 'ర్యామ్ ఎంత' అని మనం అడిగేది ఆ ఆలోచన గురించే. నవంబరులో అమెరికా ప్రభుత్వం వేయించిన ఆల్‌పాక్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. యంత్రం చేసే అనువాదం మనిషి చేసేదానికంటే నెమ్మది, తప్పులు ఎక్కువ, ఖర్చు రెట్టింపు అని తేల్చింది. ఆ దెబ్బతో ఆ రంగానికి డబ్బు ఆగిపోయింది. ఆ రోజుకు ఆ కమిటీ అబద్ధమేమీ చెప్పలేదు కూడా.

వీటిలో మనవారి కథ ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1966లోనే స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఎత్తుకున్న అంశం, మనిషి మాట్లాడితే కంప్యూటర్ గుర్తుపట్టగలదా అన్నది. అప్పటి యంత్రాల శక్తికి అది కోరరాని కోరిక. పదేళ్ల తర్వాత, 1976లో, కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం తయారుచేసిన హార్పీ అనే వ్యవస్థ వెయ్యి మాటలకు కాస్త పైగా గుర్తుపట్టింది. మూడేళ్ల పిల్లవాడి పాటి మాటలు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆ పనిని మరో రెండు దశాబ్దాలు మోశారు. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చేనాటికి కూడా మాట వినే యంత్రం మామూలు మనిషికి ఇంకా దూరంగానే ఉంది. ఇవాళ అక్షరం ముక్క రాని ముసలమ్మ ఫోనులో మైకు గుర్తు నొక్కి 'అన్నమయ్య పాటలు' అంటే పాట మొదలవుతుంది. ఆమెకు అది నిన్నగాక మొన్న వచ్చిన వింత. దాని వెనక ఉన్నది దాదాపు అరవై ఏళ్ల పని.

ఇంకో అరవై ఏళ్లు వెనక్కి వెళ్తే 1906. అదీ పరాభవే. ఆ ఏడాది లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ గాజు బుడ్డిలో మూడో ఎలక్ట్రోడు పెట్టి చూశాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకే సరిగ్గా తెలియదు. రేడియోలు, తొలి కంప్యూటర్లు నడిచింది ఆ వాల్వు మీదే. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్‌లో అలాంటివి దాదాపు 18,000.

ఈ మూడు పరాభవలనూ వరసగా పెట్టి చూస్తే, 'సాంకేతికత పరుగులు పెడుతోంది' అన్న మాటను కొంచెం సరిచేసుకోవాలనిపిస్తుంది. పరుగు నిజమే. ఏ దశలో అన్నదే ప్రశ్న. ఒక ఆలోచన పుట్టి, పనికొచ్చే వస్తువు కావడానికి పట్టే కాలం అప్పటికీ ఇప్పటికీ పెద్దగా తగ్గలేదు. వస్తువయ్యాక జనం మీదికి వచ్చి పడే కాలం మాత్రం బాగా కుంచించుకుపోయింది. మొలక కనబడిన రోజే విత్తనం వేసిన రోజనుకుని మనం కంగారుపడుతున్నాం.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది, ఐదు రోజుల్లో పది లక్షల మంది అందులో చేరారు. దాని మూలసూత్రమైన కృత్రిమ నాడీకణం ఊహ 1943 నాటిది. దాన్ని యంత్రంగా చేయబోయిన రోజెన్‌బ్లాట్ ప్రయత్నం 1958 నాటిది. పొరలుపొరలుగా తప్పు దిద్దుకునే పద్ధతిని రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో నలుగురికీ తెలిసేలా చేశారు. ఇప్పటి నమూనాలకు చట్రమైన ట్రాన్స్‌ఫార్మర్ 2017లో వచ్చింది. ఆ పత్రం రాసిన ఎనిమిది మందిలో మొదటి పేరు ఆశిష్ వస్వానీది. నడుమ నడుమ డబ్బు ఎండిపోయిన ఏళ్లు, ఈ దారి మూసుకుపోయిందని పెద్దలు తీర్పు చెప్పిన ఏళ్లు బోలెడు. హింటన్‌కు నోబెల్ అందింది 2024లో. మన యూపీఐ కథా ఇంతే. 2016లో మొదలై, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులు చేసింది. దాని కింద 2008లో పెట్టిన చెల్లింపుల సంస్థ ఉంది, 2010 నుంచి నడుస్తున్న ఐఎంపీఎస్ ఉంది, ఆధార్ ఉంది, చవకైన డేటా ఉంది. టీ కొట్టు దగ్గర అంటించిన ఆ నలుపు తెలుపు గళ్ల కాగితం చాలా పనుల చివర ఉన్న పని.

చిప్పుల సంగతి దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గార్డన్ మూర్ 1965 ఏప్రిల్‌లో ఒక వ్యాసం రాస్తూ, చిప్పులో పట్టే భాగాలు ఏటేటా రెట్టింపవుతాయనీ, 1975కల్లా 65,000 అవుతాయనీ జోస్యం చెప్పాడు. పదేళ్ల జోస్యం అది. తర్వాత ఆయనే దాన్ని రెండేళ్లకోసారి రెట్టింపుగా సవరించాడు. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్పులో ట్రాన్సిస్టర్లు 2,300. 2024లో ఎన్విడియా ప్రకటించిన బ్లాక్‌వెల్ చిప్పులో 20,800 కోట్లు. మూర్ సూత్రం ప్రకృతి నియమం కాదు. ఒక పరిశ్రమ తనకు తాను గడువు పెట్టుకుని, ఆ గడువు తప్పకుండా వేలమంది చేత ఓపికగా పని చేయించుకున్న తీరు.

ఆ ఓపిక ఎలాంటిదో చూడాలంటే నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ కంపెనీ యంత్రం లోపలికి వెళ్లాలి. అందులో కరిగిన తగరం చిన్న చిన్న బొట్లుగా రాలుతుంటుంది, సెకనుకు 50,000 బొట్లు. రాలే ప్రతి బొట్టునూ లేజరు రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు అది అప్పడంలా చదునవుతుంది, రెండో దెబ్బకు మండి ప్లాస్మాగా మారి 13.5 నానోమీటర్ల కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతిని గాలి కూడా మింగేస్తుంది కాబట్టి పనంతా శూన్యంలో జరగాలి. కటకాలూ మింగేస్తాయి కాబట్టి అద్దాల మీద పరావర్తనం చేసి, దానితో సిలికాన్ మీద గీతలు అచ్చువేయాలి. ఈ పద్ధతితో బొమ్మ పడుతుందని జపాన్‌లో హిరోఓ కినోషితా 1980ల నడుమ చూపించాడు. అలా తయారైన చిప్పులు జనం ఫోన్లలోకి వచ్చింది 2019లో. ఈ యంత్రాన్ని చేయగల కంపెనీ ప్రపంచంలో ఇప్పటికీ అదొక్కటే. అన్నేళ్లు ఓపిక పట్టి కూర్చోగలిగినవాళ్లు ఇంకెవరూ లేకపోయారు.

రెట్టింపు కథలో ఒక మెలిక కూడా ఉంది. దీని గురించి బయట తక్కువ మాట్లాడుకుంటారు. ట్రాన్సిస్టరు చిన్నదయ్యేకొద్దీ అది తినే కరెంటూ అదే లెక్కన తగ్గుతుందని పైన చెప్పిన డెనార్డే 1974లో చూపించాడు. చిప్పులు ఏటికేడు వేగంగానూ, చల్లగానూ ఉండగలిగింది అందుకే. 2005 ప్రాంతాల్లో ఆ వెసులుబాటు అయిపోయింది. అప్పటినుంచి ప్రాసెసర్ గడియారం వేగం పెద్దగా పెరగలేదు. మీ ఇంట్లో పదిహేనేళ్ల కిందటి కంప్యూటర్ ఉంటే దాని గిగాహెర్ట్జ్ అంకె చూడండి, ఇప్పటిదానికి అంత దూరంలో ఏమీ ఉండదు. మరి ఈ వేగమంతా ఎక్కడిది? వేలు, లక్షల చిప్పులను ఒకే కప్పు కింద పేర్చి, కరెంటు కుమ్మరించి తెచ్చుకుంటున్నది.

ఆ కప్పుల్లో ఒకటి ఇప్పుడు విశాఖకు వస్తోంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఒక గిగావాట్ స్థాయి డేటా కేంద్రం కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. గిగావాట్ అంటే ఎంతో విశాఖవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం అన్నమాట. దీన్ని వద్దనే పక్షం కాదు మాది. సముద్రపు కేబుళ్లు వస్తాయి, చుట్టూ పని పెరుగుతుంది, రావాల్సిందే. అయితే 1966లో ఏ ఊరైతే కొలిమి కోసం రోడ్డెక్కిందో ఆ ఊరికి ఒక విషయం అనుభవం మీద తెలుసు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగితే, జాతికి అంకితమైంది 1992లో. భూములిచ్చినవాళ్లలో ఉద్యోగం కోసం దశాబ్దాలు తిరిగినవాళ్లున్నారు. అయినా కర్మాగారమన్నది వేలమందికి జీతం ఇచ్చింది, కాలనీలు కట్టింది, పిల్లల్ని చదివించింది. డేటా కేంద్రం అలాంటిది కాదు. కట్టేటప్పుడు చాలామంది కావాలి, నడిచేటప్పుడు కొద్దిమంది చాలు. కాబట్టి ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు, ఏ ధరకు, ఎన్నేళ్లు అన్న లెక్కలు ఒప్పంద పత్రాల్లో కాక ప్రజల ముందు ఉండాలి. ఇది అడగడం అభివృద్ధికి అడ్డుపడటం అని ఎవరైనా అంటే, అననివ్వండి.

ఇక అమరావతి క్వాంటం వ్యాలీ. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో కలిసి 156 క్యూబిట్ల (క్వాంటం బిట్ల) యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కేంద్రం 2023లోనే జాతీయ క్వాంటం మిషన్‌కు 6,000 కోట్ల రూపాయలకు పైగా కేటాయించింది. ఇందులో ఉత్సాహపడాల్సినదీ ఉంది, నిలబడి ఆలోచించాల్సినదీ ఉంది. క్వాంటం కంప్యూటర్ మన ల్యాప్‌టాప్‌కు వేగం పెంచే యంత్రం కాదు. అణువుల ప్రవర్తనను లెక్కగట్టడం, పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం లాంటి కొన్ని ప్రత్యేకమైన పనుల్లోనే దాని బలం. ఆ పనులకు సరిపడేటంత నిలకడ ఇంకా దానికి రాలేదు. తప్పులు దిద్దుకోవడం నేర్పే పనిలోనే ప్రపంచమంతా ఉంది.

ఈ రంగం పుట్టుకలో ఒక విచిత్రముంది. అతివాహకాల జంక్షన్లతో, జోసెఫ్‌సన్ జంక్షన్లంటారు వాటిని, మెరుపువేగపు కంప్యూటర్ చేస్తామని ఐబీఎం ఏళ్ల తరబడి డబ్బు పోసి, 1983లో చేతులెత్తేసింది. ఆ మరుసటి ఒకటి రెండేళ్లలోనే కాలిఫోర్నియాలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ అలాంటి జంక్షన్ మీదే వేరే ప్రశ్న వేసుకుని ప్రయోగాలు చేశారు. చేతిలో పట్టుకోగల వలయం కూడా అణువులా క్వాంటం సూత్రాలను పాటిస్తుందా అని. పాటిస్తుందని తేలింది. ఇవాళ ఐబీఎం, గూగుల్ వాడుతున్న క్యూబిట్లు ఆ వంశంవే. ఆ ముగ్గురికీ నోబెల్ వచ్చింది 2025లో, నలభై ఏళ్ల తర్వాత. వదిలేసిన దారిలోంచే కొత్త దారి పుట్టింది. అందరి అదృష్టం అలా ఉండదు సుమా. జపాన్ 1982లో అట్టహాసంగా మొదలుపెట్టిన అయిదో తరం కంప్యూటర్ పథకం పదేళ్లు నడిచి, అనుకున్నది సాధించకుండానే ముగిసింది. కాంతితో లెక్కలు వేసే చిప్పులు, మెదడును అనుకరించే చిప్పులు అంటూ ఇప్పుడు వినబడుతున్న వాటిలోనూ సగానికి సగం ఇలాగే పోతాయి. పోయేవి ఏవో ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు ఈ పంచాంగంలో లేడు.

అమరావతి యంత్రం కూడా అయిదారేళ్లలో పాతబడుతుంది. దాని పక్కన ఈలోగా ఎవరు తయారవుతారన్నదే లెక్క. క్వాంటం యంత్రం పూర్తి బలంతో రాకముందే చేయాల్సిన పని మరొకటుంది. పీటర్ షోర్ 1994లోనే చూపించినట్టు, ఇవాళ మన బ్యాంకులు, సర్కారు కార్యాలయాలు వాడే రహస్య లిపుల్లో చాలావాటిని ఆ యంత్రం విప్పగలదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో వాటి స్థానంలో వాడాల్సిన కొత్త పద్ధతులను ఖరారు చేసింది. ఇవాళ దొంగిలించి దాచుకున్న దస్త్రాన్ని రేపు తెరవచ్చు. భూమి పత్రాలు, ఆరోగ్య వివరాలు మూడు తరాలు బతికే రహస్యాలు. యంత్రం తెస్తున్న రాష్ట్రమే ఈ మార్పిడి ముందుగా మొదలుపెడితే శోభిస్తుంది.

భాష దగ్గరికి వద్దాం. పెళ్లి శుభలేఖ మీద మొదట పడే 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు. ఒక్కోదానికి మూడేసి బైట్లు, వెరసి పన్నెండు. ఇంగ్లిషు అక్షరానికి ఒకటి చాలు. ఏఐ నమూనాలు పాఠాన్ని ముక్కలు చేసుకుని చదువుతాయి, ముక్కల లెక్కనే డబ్బు తీసుకుంటాయి. తొలి నమూనాల్లో ఒక తెలుగు వాక్యానికి అదే అర్థం ఉన్న ఇంగ్లిషు వాక్యం కంటే ఎన్నో రెట్లు ముక్కలు పడేవి. ఇప్పుడు ఆ తేడా కొంత తగ్గింది. తగ్గనిది మరొకటుంది, పాఠం కరువు. 2011 జనాభా లెక్కల్లో 8.11 కోట్ల మంది మాతృభాషగా నమోదైన భాష ఇది. పత్రికలు, పుస్తకాలు ఇంతగా అచ్చయిన భాష. అయినా డీటీపీ వచ్చాక రెండు దశాబ్దాల పాటు మనవాళ్లు అచ్చువేసిన దానిలో చాలాభాగం యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉండిపోయింది. ఆ ఫాంటు లేని యంత్రానికి ఆ దస్త్రం తెరిచిస్తే కనబడేది అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. కథలు, వ్యవసాయ శీర్షికలు, జిల్లా అనుబంధాలు, అన్నీ అలా గల్లంతై ఉన్నాయి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఏళ్లుగా సాగుతున్న భాషా పరిశోధన మంచి పనులు. వాటికి కావలసిన ముడిసరుకు మాత్రం పత్రికాఫీసుల, ప్రచురణకర్తల పాత హార్డ్‌డిస్కుల్లో పడి ఉంది. ఇది తీయడానికి క్వాంటం యంత్రం అక్కర్లేదు.

చివరగా మన పిల్లలు. హైదరాబాద్ అమీర్‌పేటలో గోడల మీద ఫ్లెక్సీలు చదువుకుంటూ పోతే మన మధ్యతరగతి చరిత్రంతా అక్కడే ఉంటుంది. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అన్నారు, వైటూకే కాలం. తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, హడూప్. ఇప్పుడు ప్రతి బోర్డు మీదా ఏఐ. ఇంతకాలం మూడు నెలల కోర్సు ఒక ఉద్యోగమిచ్చేది, ఆ ఉద్యోగం ఒక ఇల్లు కట్టించేది, చెల్లి పెళ్లి చేసేది. ఆ పని చేసిపెట్టిన అమీర్‌పేటను చిన్నచూపు చూడటం మర్యాద కాదు. కానీ మొదటి మెట్టు ఉద్యోగాల్లో చేసే పనే, చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం, పరీక్షించడం, ఇప్పుడు యంత్రం చేతికి పోతోంది. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని చెప్పినప్పుడు మన ఇళ్లలో ఎంత గుబులు పుట్టిందో అందరికీ తెలుసు. మూడు నెలల కోర్సు మారుతుంది, గణితం మారదు. రాజ్ రెడ్డి తొలి చాన్సలర్‌గా నిలబెట్టిన ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయం వెనక ఉన్న ఆలోచన ఇదే. పల్లెటూళ్లలో పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కిన పిల్లలను తీసుకుని ఆరేళ్లు కూర్చోబెట్టి చదువు చెప్పడం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో అదింకా నడుస్తోంది. దానికి ఒక కొత్త పేరూ కొత్త లోగో అక్కర్లేదు, చెప్పేవాళ్లు కావాలి.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలకూ ఈ ఉగాది నాడు మా విన్నపం. విశ్వవిద్యాలయాల్లో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ అధ్యాపక ఖాళీలను ఒప్పందపు నియామకాలతో కాక శాశ్వతంగా భర్తీ చేయండి. డేటా కేంద్రాల నీటి, కరెంటు లెక్కలు ఏటా బయటపెట్టండి. తోటి పత్రికలకూ ప్రచురణకర్తలకూ ఒక మాట: పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పని ఉమ్మడిగా మొదలుపెడదాం. ఆ ఫాంట్లు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు ఇంకా మన ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్లు రిటైరయ్యేలోగా ఆ పని కావాలి.